ఖలీఫా వేషం

అరబ్బు దేశంలో, జింజ్ అనే పేటలో నేను పనిచేసే ఇంట్లో ఆరేళ్ళ పాప ఉంది. క్లాసులో అందరికంటే పొట్టిది కాబట్టి బడి నాటకంలో దానికి రాజు వేషం ఇచ్చారు. ఇక చూడాలి దాని పెత్తనం! పాలు తాగమంటే "రాజులు తాగరు పిన్నీ" అనేది. పిన్ని అనడం నేనే నేర్పాను. నాలుగు తిట్లు కూడా నేర్పాను కానీ అవి వాళ్ళమ్మకి తెలియవు.

వేషం అంగీకి జరీ అంచు కుడుతూ, ఇంతకీ ఆ రాజు ఎవరని మేడమ్‌ని, అదే పాప వాళ్ళమ్మని, అడిగాను. ఆవిడ బడిలో చరిత్ర చెప్పే మనిషి, అడిగితే ఆగదు. మా ఇద్దరికీ వచ్చిన అరకొర హిందీలో చెప్పుకొచ్చింది. వందల ఏళ్ళ కిందట ఈజిప్టులో ఖలీఫాల రాజ్యం ఒకటి ఉండేదట. అప్పటికే అది చితికిపోయి, అధికారమంతా మంత్రుల చేతికి పోయింది. ఒక మంత్రి ఖలీఫాని చంపించి, ఆ నేరం ఖలీఫా తమ్ముళ్ళ మీదకు నెట్టి వాళ్ళనీ చంపించాడు. తర్వాత ఖలీఫా కొడుకుని, ఐదేళ్ళవాడిని, భుజాన ఎక్కించుకుని సైన్యానికి చూపించాడు. ఎదురుగా బాబాయిల శవాలు. సైన్యమంతా ఒక్కసారి జేజేలు కొట్టేసరికి పిల్లాడు దడుచుకుని మంత్రి భుజం మీదే తడిపేశాడట. ఆ దడుపుతోనే మూర్ఛలు పట్టుకుని పదకొండేళ్ళకే పోయాడట.

"అప్పుడు వాళ్ళమ్మ ఎక్కడుందండీ?" అన్నాను.

"పుస్తకాల్లో లేదు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మంత్రిగారి భుజం తడిసిన సంగతి రాసినవాళ్ళకి ఆ తల్లి గురించి రెండు ముక్కలు రాయడానికి చేతులు రాలేదు కాబోలు.

బడి నాటకంలో చావులేమీ లేవు, పట్టాభిషేకం ఒక్కటే. ఇంట్లో సాధన చేయించారు. పాప వాళ్ళ నాన్న, మా సార్, మంత్రి; చుట్టాల పిల్లలు సైన్యం. వాళ్ళు ఒక్కసారి అరిచేసరికి సార్ భుజం మీద పాప కొయ్యబారిపోయింది. కిందికి దింపాక గుక్కపెట్టి ఏడ్చింది. మర్నాడూ అదే తంతు. బడిలోనూ అంతేనట. టీచరు ఇంకో పిల్లని చూస్తానంది. పాపకి వేషం కావాలి, ఆ అరుపులు వద్దు. మంచం కింద దూరి కూర్చుంది. ఆ మొహం చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మావైపు దడుచుకున్న పిల్లల్ని గుండెల మీద మూడుసార్లు ఉమ్ముకోమంటాం. ఉమ్మంటే నిజంగా ఉమ్మి కాదు, తూ తూ తూ అనడమే. కానీ ఈ ఇళ్ళల్లో ఇలాంటివి కూడవు. మా పక్క వీధిలో పనిచేసే మా జిల్లా ఆవిడ గదిలో నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చిన దారం దొరికితే, చేతబడి అని వారం తిరక్కుండా విమానం ఎక్కించేశారు. అది తెలిసి కూడా నేర్పాను. వంటింటి తలుపు వేసి నేను గిన్నె మీద గరిటెతో దడదడా కొట్టేదాన్ని, అది తూ తూ తూ అనేది. మూడో రోజుకి గరిటెకి భయపడడం మానేసి నవ్వసాగింది.

"ఎవరికీ చెప్పకే బంగారం. చెప్పేవంటే నన్ను ఇంటికి పంపేత్తారు" అన్నాను.

"చెప్పనండీ" అంది, అచ్చం గోదావరి పిల్లలాగే.

అది మాట తప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. నాటకం రోజున మంత్రి వేషం వేసిన పెద్ద పిల్ల దాన్ని భుజానికెత్తుకుంది. సైన్యం అరిచింది. మా రాజుగారు అంగీ మెడ దగ్గర లాగి, గుండెల మీదకి వంగి, తూ తూ తూ అన్నారు. మైకులో హాలంతా వినబడింది. జనం ఘొల్లుమన్నారు. అది ఏడవలేదు, చెయ్యెత్తి అందరికీ సలాము చేసింది. ముందు వరసలో ఉన్న మేడమ్ మాత్రం వెనక్కి తిరిగి నన్నే చూసింది. నాకు విమానం కళ్ళ ముందు కనబడింది.

ఇంటికి రాగానే మేడమ్ వంటింట్లోకి వచ్చింది.

"అది నువ్వే నేర్పావు కదూ?"

"నేనేనండీ. భయం పోద్దని నేర్పేనండీ. ఇంకేటీ లేదండీ."

"భయమేస్తే చదువుకోమని నేను దేవుడి ప్రార్థన, దువా, నేర్పాను. రోజూ దగ్గర కూర్చుని చెప్పించాను. అంతమందిలో భయమేస్తే దానికి నేను గుర్తు రాలేదు, నువ్వొచ్చావు" అంది. కళ్ళనిండా నీళ్ళు.

తిట్టినా, పెట్టె సర్దుకోమన్నా పడదామనే నిలబడ్డాను. ఈ మాట మాత్రం నేను అనుకోలేదు. ఊళ్ళో నా కూతురు ఉరిమితే మా తోడికోడలి కొంగులో దూరుతుంది. ఆ సంగతి ఆవిడే ఫోనులో మురిసిపోతూ చెబుతుంది. నేనూ నవ్వుతాను, ఏం చేయను?

"నిన్నేం పంపించను. రేపటినుంచి సాయంత్రం దానికి స్నానం నేనే చేయిస్తాను. అన్నం కూడా నేనే పెడతాను" అంది.

"మంచిదండీ" అన్నాను. మంచిదే కదా మరి. పిల్ల వాళ్ళది.

మర్నాడు సాయంత్రం స్నానాలగదిలోంచి తల్లీకూతుళ్ళ నవ్వులు వినబడుతుంటే, ఆ వేళప్పుడు ఏం చేయాలో నాకు తోచలేదు. ఫోను తీసి ఊరికి చేశాను. తోడికోడలు ఎత్తి, "ఒసేయ్, మీ అమ్మ చేసిందే, రా" అని కేకేసింది.

"టీవీ చూత్తన్నాను. తరవాత చెయ్యమను పెద్దమ్మా" అంది నా కూతురు.