నడుం వంగిన సీసా

“నా సీసాలో నీ పచ్చడెట్టి అమ్మడానికి నీకు సిగ్గు నేదేటే?”

“సీసా మీద నీ పేరేటైనా ఉందేటప్పా? ఆటోనగర్ మేస్త్రి నీకమ్మినట్టే నాకూ అమ్మేడు.”

“ఆ వంకర నాదే!”

“ఓలమ్మ! అలాగైతే నడుం వంగినోల్లందరూ నీ సుట్టాలేనేటి?”

తగరపువలస సంతలో, ఎండురొయ్యల బుట్టల మధ్య నిలబడి నేనూ నా తోడికోడలూ ఇలా అరుచుకుంటుంటే, జనం బేరాలు మానేసి చుట్టూ మూగారు. (ఇద్దరిదీ రొయ్యల పచ్చడి వ్యాపారమే. ఇళ్ళు పక్కపక్కనే, మాటలు మాత్రం సంతలోనే.) ఆ రోజుల్లో నాకు యాభై దాటినా వ్యాపారంలో పసిదాన్నే. పసివాళ్ళకుండే పౌరుషమంతా ఉండేది, ఓర్పు మాత్రం ఇంకా రాలేదు.

నా చదువు మూడో తరగతితో ఆగింది, పారేయకూడదన్న బుద్ధి మాత్రం ఆగలేదు. ఆటోనగర్‌లో సీసాలు తయారుచేసే మేస్త్రి ఒకడు, అచ్చు పాడై ఒక పక్క నడుం నొక్కుకుపోయిన ప్లాస్టిక్ సీసాలను చెత్తలో వేయబోతుంటే, “పారీకు బాబూ, నాను పట్టుకెల్తాను” అన్నాను. సీసా వంగిందని లోపలి పచ్చడి వంగదు కదా. లేబులు కూడా వేయించలేదు. లోపలున్నది కంటికి కనిపిస్తుంటే పైన కాగితం అంటించడం దేనికి? తీరా చూస్తే ఆ వంకరే నాకు పేరైంది. చదువు రానివాళ్ళూ, కళ్ళజోడు మరిచి వచ్చినవాళ్ళూ “నడుం వంగిన సీసా ఇయ్యమ్మా” అని అడిగి పట్టుకెళ్ళేవారు. మేస్త్రి ఆ పాడైన అచ్చును నా కోసమే అట్టే పెట్టాడు. అలా సాగుతుండగా మా తోడికోడలు కూడా అదే సీసా పట్టింది. ఆవిడ రొయ్యల్ని కడిగేది తక్కువ, నీళ్ళు చూపించేది ఎక్కువ. పంటి కింద ఇసుక తగిలినవాళ్ళంతా ఆ వంకర సీసా పట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చేవారు. ఇసుక ఆవిడది, తిట్లు నావి. ఇంకొన్నాళ్ళు అలాగే జరిగితే నా పచ్చడిని మనిషన్నవాడు ముట్టుకోడని భయం పట్టుకుంది.

నా దగ్గర పచ్చడి కొనే లాయరమ్మ ఒకామె సీతమ్మధారలో ఉండేది. వెళ్ళి మొరపెట్టుకున్నాను. “పేరుకీ బొమ్మకీ ఉన్నట్టే ఆకారానికీ ట్రేడ్‌మార్కు ఉంటుంది మామ్మగారూ. పూర్వం దొరల దేశంలో ఒక కూల్‌డ్రింకు కంపెనీ, చీకట్లో తడిమినా, పగిలి నేలమీద పడున్నా తమదేనని తెలిసేలా సీసా చేయించుకుందట” అంది. “పగిలిపోయేక మాదని సెప్పుకుంటే ఏటి లాభం తల్లీ?” అన్నాను. ఆమె నవ్వేసి, సీసాకి ముందు నుంచీ వెనక నుంచీ పక్కల నుంచీ ఫొటోలు తీయించి అర్జీ పెట్టింది. (నా పెళ్ళికి కూడా అన్ని ఫొటోలు తీయలేదు.)

కొన్నాళ్ళకు కంప్యూటర్లోనే విచారణ అన్నారు. ముందురోజు లాయరమ్మ నన్ను కూర్చోబెట్టి, “అచ్చు పాడై వచ్చిన వంపని ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చాలు. దాంతో ఏదో ఉపయోగం ఉందని మాత్రం పొగడకండి. పనిని బట్టి వచ్చిన ఆకారాన్ని చట్టం ఏ ఒక్కరికీ రాసివ్వదు, అది అందరిదీ” అని పదిసార్లు చెప్పింది. సరేనన్నాను. కానీ తెర మీద కనబడ్డ అధికారికి, నా కర్మ కొద్దీ, తెలుగు వచ్చు. పైగా మర్యాదస్తుడు. “ఏమ్మా, ఈ నొక్కు ఎందుకు?” అని మెల్లగా అడిగాడు. ఎందుకూ పనికిరాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఎందుకూ పనికిరానిదాన్ని నా ఇంట్లో ఏనాడైనా ఉంచానా? మాట దానంతటదే దారి తప్పింది. “పనికిరాకపోవడమేటి బాబూ! నూని సేత్తో పట్టుకున్నా జారదు. ఒంచితే నూని ఆ నడుం కాడ ఆగి పచ్చడి ముందొత్తాది. ఇదిగో, సూడండి!” అని సీసా వంచి తెర ముందు చూపించాను. లాయరమ్మ బల్ల కింద నా కాలు తొక్కింది. ఆమె కాలు జారిందేమో అనుకుని నేను నా కాలు పక్కకు తీసుకుని, అడుగున మిగిలిన చుక్క కూడా ఎలా వస్తుందో చూపించాను. అధికారి శ్రద్ధగా విని, అంతా రాసుకుని, “చాలా ఉపయోగకరమైన సీసా అమ్మా” అన్నాడు. నేను గెలిచాననుకుని దండం పెట్టాను.

ఆమె ఆఫీసు మెట్లు దిగుతుంటే లాయరమ్మ అసలు సంగతి చెప్పింది. నేను పొగిడిన ఉపయోగాలే అర్జీని ముంచాయట. “పోనీ మామ్మగారూ, ఈసారి నిజంగా ఏ పనికీ రాని గుర్తేదైనా సీసాకి చేర్చుకుని రండి, మళ్ళీ పెడదాం” అంది. ఇప్పుడు నా నడుమూ ఆ సీసాలాగే వంగింది. అద్దం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆ విచారణ గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఈ వంపును మాత్రం మా తోడికోడలు కూడా అడగలేదు.

ఆ విచారణ మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కి ఆటోనగర్ వెళ్ళాను. సీసా భుజం మీద చిన్న రొయ్యపిల్ల ఉబ్బెత్తుగా వచ్చేలా కొత్త అచ్చు చేయమన్నాను. మేస్త్రి నన్ను ఎగాదిగా చూసి, “దీనొల్ల ఉపయోగమేటి మామ్మా?” అన్నాడు.

“ఏటీ నేదు” అన్నాను, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

అతను మైనంతో నమూనా చేసి నా చేతిలో పెట్టాడు. బొటనవేలు సరిగ్గా ఆ రొయ్య వీపు మీద ఆనింది. మూత తిప్పడానికి ఎంత పట్టుగా ఉందో! ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బస్సెక్కి ఇంటికొచ్చేశాను.