కొత్త కారుకు పెట్టిన వంకలు

నా చిన్నప్పుడు కారంటే పెళ్లివాళ్లు బాడుగకు తెచ్చుకునే వస్తువే గానీ, మా వాకిట్లో నిలబడుతుందని మేమెవరమూ అనుకోలేదు. మాది సదుం పక్కన చిన్న పల్లె. పాడి ఆవులు, టమోటా తోట, చెనిక్కాయల చేను, అదే మా లోకం. అలాంటిది మా నాయన ఉన్నట్టుండి మదనపల్లెలో కొత్త కారు కొన్నానని చెప్పాడు. ఎందుకు కొన్నాడో కూడా చెప్పాడు, వాళ్లమ్మ కోసం. మా అవ్వకు బస్సెక్కితే చాలు, మొదటి మలుపులోనే కడుపులో తిప్పేది. ఆమె అక్కేమో రామకుప్పం దగ్గర ఒక పల్లెలో, ఊరు దాటి రాలేని స్థితిలో ఉండేది. అక్కాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఏళ్లయింది. సొంత కారైతే కావాలన్నచోటల్లా ఆపుకుంటూ మెల్లగా పోవచ్చని మా నాయన ఆలోచన.

కారు తీసుకురావడానికి అవ్వ తప్ప ఇంటిల్లిపాదీ మదనపల్లెకు పోయాం. మా ఆనందం ఊరు దాటేదాకే. ముందు సీట్లో మా చిన్నాయన కూర్చున్నాడు. ఆయన ఎదుట ఉన్న సొరుగు మూత గుంత వచ్చినప్పుడల్లా తెరుచుకుని మోకాలి మీద ఠపీమని పడేది. వెనక తలుపు ఒక పట్టాన మూతపడటం లేదని మా మేనత్త సణిగింది. మధ్యలో కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గర ఎత్తుగా ఆ దిబ్బ ఎందుకు పెట్టారని మా అమ్మ అడిగింది. నేనేం తక్కువ తిన్నానా! పుంగనూరు బజారులో నాయన పక్కకు తిరగబోతూ, స్టీరింగు కింద మలుపు దీపం వెలిగించే పుల్ల అనుకుని దాని పక్కనున్న ఇంకో పుల్ల కదిపాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. అద్దం తుడిచే కడ్డీలు మాత్రం సర్రుసర్రున ఊగడం మొదలుపెట్టాయి. "నాయనా, వాన యాడుండాది?" అని గట్టిగా అరిచాను. కారులో వాళ్లే కాదు, రోడ్డు పక్కన పూలమ్మే ఆమె కూడా పగలబడి నవ్వింది.

నాయన మాత్రం నవ్వలేదు. ముఖం కందగడ్డలా చేసుకుని ఇల్లు చేరేదాకా బండి తోలాడు. ఇంటి ముందు అవ్వ హారతి పళ్లెంతో నిలబడి ఉంది. అక్క కోసం రాగిపిండి, జున్ను అప్పటికే మూట కట్టి పెట్టుకుంది. నాయన దిగీ దిగగానే అన్నాడు, "రేపు పొద్దున్నే దీన్ని తిరిగిచ్చేసి వస్తా. మీకెవురికీ నచ్చని కారు నాకు యాల?" అవ్వ చేతిలో పళ్లెం అలాగే ఉండిపోయింది. ఆమె ముఖం చిన్నబోవడం మేమందరం చూశాం.

మరునాడు పొద్దున వాకిట్లోకి వచ్చి చూస్తే, అవ్వ కారు ముక్కుకు పసుపు రాసి బొట్టు పెడుతోంది. నానబెట్టిన బియ్యం, బెల్లం ఒక పళ్లెంలో కలిపి దాని ముందు పెట్టింది. పుంగనూరు సంత నుంచి కొత్త ఆవు వచ్చినప్పుడు మా ఇంట్లో చేసే మర్యాద అది. మా మేనత్త నవ్వాపుకోలేక, "దీనికి నోరు యాడుండాదిమ్మా?" అంది. "నోరు మీకుండాది కదమ్మే, అదే ఎక్కువైంది" అని అవ్వ చురక వేసింది.

తర్వాత అందరినీ వరసగా నిలబెట్టింది. మా ఇంట్లో కొత్త ఆవుకు ఒక పద్ధతి ఉండేది. దానికి ఎవరు వంక పెడితే, అది ఇంటికి అలవాటు పడేదాకా ఆ వంక వాళ్లే చూసుకోవాలి. తన్నుతుందన్నవాళ్లు పాలు పితికేటప్పుడు దాని కాళ్లకు తాడు వేయాలి. కుడితి తాగదన్నవాళ్లు తొట్టి దగ్గర నిలబడి బుజ్జగించి తాగించాలి. కారుకూ అదే పద్ధతని అవ్వ తేల్చేసింది. నిన్న ఎవరెవరు ఏమన్నారో ఒక్కొక్కరి చేతా చెప్పించి, ఎవరి వంక వాళ్లకు అప్పగించింది. చిన్నాయన సొరుగు మూతను కాయాలి. మేనత్త తలుపు వేయాలి. అమ్మ దిబ్బ దగ్గర కూర్చోవాలి. నాయన సీటు వెనక నిలబడి, మలుపు వచ్చినప్పుడల్లా ఏ పుల్ల కదపాలో నేను చెప్పాలి. "ఈ పొద్దుకు అక్కను సూసొస్తాం. అప్పుడుగ్గానీ ఇచ్చేసేదానికి నేనొప్పుకోనప్పా" అంది నాయనతో.

నాయన బిగుసుకున్న ముఖంతోనే తాళం చెవి తీశాడు. అవ్వ కారెక్కబోయింది. వంగి లోపలికి దూరబోతే కొప్పు పైకప్పుకు కొట్టుకుంది. మోకాళ్లు మడత పడక ఒక కాలు బయటే ఉండిపోయింది. నొప్పికి పళ్లు బిగబట్టిందే తప్ప కిక్కురుమనలేదు. నాయన గబగబా వచ్చి ఆమెను ముందుగా కాళ్లు బయటే ఉంచి సీటు మీద పక్కకు తిప్పి కూర్చోబెట్టాడు. కింద గొంతుక్కూర్చుని, రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకుని, మెల్లగా లోపలికి తిప్పి పెట్టాడు.

"నేనేమీ వంక పెట్టలేదు కదప్పా" అంది అవ్వ, కొడుకు ఎక్కడ నొచ్చుకుంటాడోనని.

"నేను పెడతాండామ్మా. తలుపు ఇరుకుగా ఉండాది. ఈ వంక నాది" అన్నాడు నాయన. అని తనే ఫక్కున నవ్వేశాడు. ఆ నవ్వుతో ముందురోజు కోపమంతా ఎటు పోయిందో పోయింది.

ఇక ఆ ప్రయాణం చూడాలి! పలమనేరు దాటేసరికి చిన్నాయనకు ఏ గుంతకు మూత పడుతుందో తెలిసిపోయింది, పడకముందే అరచేత్తో ఆపుతున్నాడు. ఆగిన ప్రతిచోటా తలుపు ధబీమని వేసి మేనత్త మా వైపు గర్వంగా చూసేది. అమ్మ ఆ దిబ్బ మీద చెంబు, సద్దిమూట సర్దేసి, ఇంతకన్నా మంచి అరుగు దొరకదంది. నేనైతే గొంతు చించుకుని "కింది పుల్ల నాయనా, కింది పుల్ల!" అని అరుస్తూనే ఉన్నాను. వి.కోట దగ్గర నేనే తప్పు చెబితే మళ్లీ కడ్డీలు ఊగాయి. ఈసారి అందరికన్నా ముందు నవ్వింది నాయనే. దారిలో అవ్వకు తల తిరిగినప్పుడల్లా ఆపాడు, దింపాడు, మళ్లీ ఆ పాదాలు పట్టుకుని లోపల పెట్టాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

అవ్వ వాళ్లక్క, మా పెద్దవ్వ, గుమ్మంలో కూర్చుని ఉంది. చెల్లెల్ని చూసి, "వస్తివామ్మే!" అని చేతులు చాపింది. ఇద్దరూ ఒకరి బుగ్గలు ఒకరు తడుముకుంటూ ఏడ్చారు, నవ్వారు, ఎవరు ఎక్కువ ముసలివాళ్లయ్యారని పోట్లాడుకున్నారు. సాయంత్రం పెద్దవ్వను కూడా కారెక్కించి ఊరంతా తిప్పాం. ఆమె పాదాలు పట్టుకోవడానికి చిన్నాయన ముందుకొస్తే, నాయన పక్కకు తోసేశాడు. కారు తిరిగిచ్చే మాట మళ్లీ మా ఇంట్లో వినబడలేదు.

నేనిప్పుడు మనవళ్లున్నదాన్ని. మా నాయనకు ఎనభై దాటాయి, మోకాళ్లు బొత్తిగా వంగవు. కిందటేడు మా అబ్బాయి కొన్న కారు మరీ ఎత్తు. ఇల్లంతా దాని చుట్టూ చేరి, అది కుయ్యిమంటోందని, ఇది అందడం లేదని వంకలు మొదలుపెట్టగానే, ఎక్కడానికి ఎత్తన్న వంక ఇంకెవరి నోటా రాకముందే నేను పెట్టేశాను. నాయన పాదాలు చేతుల్లోకి తీసుకున్నప్పుడల్లా, "మెల్లిగమ్మే, ఇది కాలు, కట్టె కాదు" అని కసురుతాడు. మా కోడలు సాయానికి వస్తానంటుంది. నేను రానివ్వను.