వెడల్పు పెట్టె చాటున

1964 ఎండాకాలం. మహబూబ్‌నగర్ వైపు నడిచే ఒక డీజిల్-ఎలక్ట్రిక్ ప్యాసింజర్‌కు నేను గార్డుని. డీజిల్ ఇంజన్ కరెంటు పుట్టిస్తే, ఆ కరెంటుతో చక్రాల దగ్గరి మోటార్లు తిరిగే బండి అది. కొత్త బండి అని పేరే గానీ పెట్టెలన్నీ పాతవి. ముందూ వెనకా సన్న పెట్టెలు, మధ్యలో ఇంకో బండి నుంచి తెచ్చి తగిలించిన వెడల్పు పెట్టె. అతుకుల బొంత అని నవ్వుకునేవాళ్లం.

ఆ నవ్వు స్టేషన్ వచ్చేదాకే. ప్లాట్‌ఫారాలు వెడల్పు పెట్టెకు సరిపోయేవి; సన్న పెట్టెల దగ్గర జానెడు సందు మిగిలేది. పైగా చివరి పెట్టెలో ఉండే నాకు, మధ్య పెట్టె అడ్డమై ముందు పెట్టె తలుపులు కనిపించేవి కావు. దిగి, ముందుకు నడిచి చూసి, తిరిగొచ్చి డ్రైవర్‌కు బెల్ కొట్టాలి. దానివల్ల బండి ఆలస్యమవుతోందని ఒకరోజు పొద్దున్నే నాకు మెమో, అంటే సంజాయిషీ అడిగే కాగితం, ఇచ్చారు. ఒళ్లు మండింది. ఆ కోపంలో ఒక చిన్న స్టేషన్‌లో దిగకుండానే బెల్ కొట్టాను.

బండి రెండు బారలు కదిలిందో లేదో, ముందు నుంచి కేక వినబడింది. బ్రేకు వేసి పరిగెత్తాను.

కేక వేసినతను మక్తల్ వైపు నేతగాడు, పేరు ఎల్లయ్య. చూపు ఆనని తల్లిని దవాఖానకు తీసుకెళ్తున్నాడు. ఆమె సందులో పడకుండా తన పాదాన్ని అడ్డం పెట్టి, దాని మీద అడుగు వేయించాడు. తల్లి ఎక్కింది. అంతలో బండి కదిలి, అతని పాదం ఇరుక్కుంది.

ఇద్దరినీ నా పెట్టెలోకి తెచ్చి, ఫస్ట్ ఎయిడ్ డబ్బా తీసి కట్టు కట్టాను.

"కాలు పోతె మగ్గం ఎట్ల తొక్కాలె సారూ?" అన్నాడు. గుంటలో కాళ్లు పెట్టి తొక్కే గుంట మగ్గానికి చేతులెంతో కాళ్లూ అంత అవసరం.

"వేళ్లు కదిలించు," అన్నాను. కదలలేదు.

పక్కన తడుముకుంటూ తల్లి అడిగింది: "కదుల్తున్నయా కొడుకా?"

"కదుల్తున్నయమ్మా. నువ్వు ఫికర్ జెయ్యకు," అన్నాడు, ఆ వేళ్ల వైపే చూస్తూ.

నాకు ఏడుపొచ్చింది. మహబూబ్‌నగర్ ఎప్పుడొస్తుందా అని ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాను.

దవాఖానలో దింపుతుంటే, "నా తప్పే అని రాస్కోండ్రి సారూ. మీ నౌకరికి ఏం గావద్దు," అన్నాడు. రిపోర్టులో 'గార్డు దిగి చూడలేదు' అని రాశాను. శిక్ష పడింది. ఆ తర్వాత ఎన్ని మెమోలు వచ్చినా, దిగి చూడకుండా బెల్ మీద చెయ్యి వేయలేదు.

రెండు నెలలకు వాళ్ల ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. ఎల్లయ్య మగ్గం గుంటలోనే ఉన్నాడు, ఒక్క కాలితో తొక్కుతూ.

"అలవాటైతాంది సారూ," అన్నాడు.

ఆ రోజు దిగి చూడకుండా నేను మిగుల్చుకున్నది ఒక్క నిమిషం.