పిప్పిని పారేయనివ్వని కామేశ్వరి అక్కయ్య

కామేశ్వరి అక్కయ్య ఇక లేరన్న వార్త మంగళవారం ఉదయం మన బెంటన్‌విల్ తెలుగువారి గ్రూప్‌లో చూసి నిశ్చేష్టుడినయ్యాను. ఊరికి సరిపడా కట్టుకథలు అల్లిన నేను, ఇది కూడా ఎవరో అల్లిందే అయితే బాగుండునని తొలిసారి కోరుకున్నాను.

గుంటూరులో ఒక జామ్ ఫ్యాక్టరీ ప్రయోగశాలను పదేళ్లు నడిపిన రసాయనశాస్త్ర విదుషి ఆమె. బావగారి ఉద్యోగం వెంట డిపెండెంట్ వీసా మీద అమెరికా వచ్చాక సర్టిఫికెట్లు పెట్టెలో, ఆమె వంటింట్లో ఉండిపోయారు. ఆ వీసాతో ఉద్యోగం చేయరాదు. డ్రైవింగ్ రాదు. కాలిబాట మా వీధి మలుపు దగ్గరే ఆగిపోతుంది. "అక్కడ ల్యాబ్ మొత్తం నాదే తమ్ముడూ. ఇక్కడ నాలుగు పొయ్యిల స్టవ్" అని నవ్వేవారు.

ఆ స్టవ్ మీదే తన విద్యను బతికించుకున్నారు. మనం జ్యూస్ తీసి పారేసే క్యారెట్, బీట్‌రూట్ పిప్పిని ఇంటింటా అడిగి తెప్పించుకునేవారు. నిమ్మరసం కలిపిన నీళ్లలో సన్నసెగన ఉడికించి, పాత పంచెలో వడకట్టి, చల్లారిన తేటలో ఘాటైన మద్యం పోస్తే, జామ్‌కు పట్టునిచ్చే పెక్టిన్ మబ్బుతునకలా విడివడుతుంది. దాన్ని పిండి, ఆరబెట్టి, పొడి కొట్టేవారు. ఆ పొడితో కాచిన జామ్ అమ్ముకునే వీలు లేదు గనుక గుడిలో ఆదివారం బడి పిల్లలకు ఊరికే పంచేవారు. సీసా తలకిందులు చేసి, "జారకూడదు, కానీ వణకాలి. వణక్కపోతే అది జామ్ కాదు, రాయి" అని పాఠం చెప్పేవారు. వారమంతా ఆమె ఎదురుచూసేది ఆ ఒక్క గంట కోసమే.

మద్యం దుకాణానికి నేనే తీసుకెళ్లేవాణ్ణి.

"నువ్వు కొనుక్కురా తమ్ముడూ, నాకు సిగ్గు."

"నాకు ఆ బ్రాండ్లేవీ తెలీవక్కయ్యా, మీరే వెళ్లండి!"

అలా కొంటెగా ఆమెనే లోపలికి పంపి, ఆ వైభవాన్ని తలా ఒక వంట తెచ్చుకునే ఒక పాట్‌లక్ విందులో వర్ణించాను: "మా అక్కయ్యకి వారానికి రెండు సీసాలు. నీళ్లు కూడా కలపదు!" అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ నవ్వు ఇల్లిల్లూ తిరిగి నిజమై కూర్చుంది. మరుసటి ఆదివారం ఆమె జామ్ సీసాలు మూత తీయకుండానే తిరిగొచ్చాయి.

"మందు వాసనట. ఎవరు పుట్టించారో!" అన్నారామె, నా కళ్లలోకి చూస్తూ.

నేను చలి గురించి ఏదో మాట్లాడాను.

"సర్లే, పిప్పి తెచ్చావా?" అని సంచీ అందుకున్నారు.

ఆ తర్వాత నాలుగేళ్లు జామ్ కాస్తూనే ఉన్నారు. తిన్నది మా ఇల్లొక్కటే. ఆ మాట పుట్టించింది నేనేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అటువంటి విద్వత్తు, అటువంటి క్షమ మన వీధికి మళ్లీ రావు. అక్కయ్యా, ఆలస్యంగానైనా అందుకోండి నా నమస్సులు.

ఆమె చివరి సీసా మా ఫ్రిజ్‌లో ఉంది. ఈ ఉదయం తలకిందులు చేశాను. జారలేదు, వణికింది. నేను చెప్పినవన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి నమ్మండి: ఆ మద్యంలో ఆమె ఒక్క చుక్కా తాగలేదు. ఆదివారం ఆ సీసా గుడికి తెస్తాను. మూత తీయండి.