చుక్కల వంతెన

నిక్షేపంగా ఉన్న రైలు వంతెనను పట్టపగలు, పదిమంది చూస్తుండగా, చిన్న సుత్తితో కూల్చేసిన ఘనుణ్ణి నేను. కంగారుపడకండి, వంతెన ఇప్పటికీ అక్కడే ఉంది. దాని కింద నీళ్లు పారుతున్నాయి, మీద బళ్లు నడుస్తున్నాయి. ఆ రోజు కూలిన నా పరువు మాత్రం ఇంకా పూర్తిగా లేవలేదు.

తెనాలి నుంచి రేపల్లె పోయే బ్రాంచి లైనులో, పొలాల మురుగునీళ్లు మోసుకుపోయే పెద్ద డ్రెయిను మీద, తెల్లదొరలు కట్టిపోయిన ఇనుప వంతెన అది. ఎక్కడ చూసినా రివెట్లే. రివెట్టంటే గుండ్రటి తలకాయ ఉన్న లావుపాటి ఇనుప మేకు. పనసకాయ మీది ముళ్లలా వంతెన నిండా అవే. వంతెన ఇనుప పలకల్ని పట్టుకుని ఉండేవి అవే కాబట్టి, అప్పుడప్పుడూ ఒక్కోదాన్నీ సుత్తితో తట్టి చూడాలి. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. దబ్బుమంటే వదులైనట్టు. వదులైనదాని చుట్టూ తెల్ల రంగుతో సున్నా చుట్టాలి, తరవాత దాన్ని మార్పించాలి.

అప్పటికి నేను రైల్వేలో ఇంజనీరుగా చేరి ఏడాదైనా కాలేదు. మా పెద్ద ఇంజనీరు కోటేశ్వరరావు గారు నన్ను పిలిచి, "ఏమయ్యా, వచ్చే సోమవారం ఆ వంతెన నువ్వొక్కడివే చూసి రా. సరిగ్గా చూస్తే ఇక అది నీదే, నీ చేతికే అప్పజెప్తా. తేడా వచ్చిందా, స్టోరులో కూర్చుని రంగు డబ్బాలు లెక్కపెట్టుకుంటావు" అన్నారు.

"చూస్తానండి" అన్నాను.

"ఒక చేత్తో కొట్టు. రెండో చేతి వేలు రివెట్టు అంచున ఆనించి పెట్టు. వదులైతే వేలికి తెలుస్తుంది."

"అట్టాగేనండి" అన్నాను గానీ, మనసులో నవ్వుకున్నాను. నేను తెనాలిలో హార్మోనియం నేర్చుకున్నవాణ్ణి. రెండు కీర్తనలు వచ్చేసరికి మా మాస్టారు ఊరు మారిపోయారు, కారణం నేనేనని కొందరంటారు, అది వేరే విషయం. అంతటి చెవి ఉన్నవాడికి మసి పట్టిన ఇనుము మీద వేలు పెట్టాల్సిన ఖర్మేమిటి?

ఇంతలో ఆదివారం వచ్చింది. స్నేహితులందరం బాపట్ల వెళ్లి సూర్యలంక సముద్రంలో దిగాం. నీళ్లలో తల ముంచి ఎవరు ఎక్కువసేపు ఉంటారోనని పందెం. నేనే గెలిచాను. బహుమానంగా సముద్రుడు నా రెండు చెవుల్లోకి చెరో గుప్పెడు ఇసుకా, ఉప్పునీళ్లూ దట్టించి పంపాడు. ఆ సంగతి నాకు తెలియదు. తిరుగు బండిలో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతుంటే, నా గెలుపు చూసి కుళ్లుకుంటున్నారనుకున్నాను.

సోమవారం పొద్దున వంతెన దగ్గరికి చేరాను. మేస్త్రీ యోహాను, అటూ ఇటూ ఎర్రజెండాలు పట్టుకుని ఇద్దరు మనుషులు, తెల్ల రంగు డబ్బా, నేను. మొదటి రివెట్టును తట్టాను. దబ్!

నా గుండె ఝల్లుమంది. భయంతోనని మీరనుకుంటారు, సంతోషంతోనండీ! మొదటి దెబ్బకే దొంగను పట్టేశాను. రెండోది తట్టాను. దబ్. మూడోదీ అంతే.

"ఏంటి యోహానూ, నీకెట్టా వినపడుతోంది?"

యోహాను నా మొహంలోకి చూశాడు. ఆఫీసరు మొహం ఎటు తిరిగితే తన మాట అటు తిప్పడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. "తమరికి ఎట్టా వినపడితే నాకూ అట్టానేనండి" అన్నాడు.

"వదులే కదూ?"

"బాగా వదులండి. అసలు ఇన్నాళ్లూ ఎట్టా ఆగిందోనండి!"

ఇక చూడండి నా వీరంగం. తట్టడం, సున్నా చుట్టడం, తట్టడం, సున్నా చుట్టడం. డబ్బా ఖాళీ అయింది. ఇంకో డబ్బా తెప్పించాను. వంతెన ఒంటికి ఆటలమ్మ పోసినట్టయింది. కాసేపటికి సంతోషం పోయి నిజంగానే భయం మొదలైంది. ఒక్క రివెట్టూ గట్టిగా లేదంటే, ఈ ఇనుమంతా దేన్ని పట్టుకుని నిలబడింది? వెంటనే స్టేషన్‌కి ఫోన్ చేశాను.

"బండి పంపకండి! వంతెన మొత్తం వదులైపోయింది!"

"మొత్తమా అండి?" అన్నాడు అవతలాయన.

"మొత్తమే!"

రేపల్లె నుంచి వస్తున్న బండిని వెనక స్టేషన్‌లోనే ఆపేశారు. కోటేశ్వరరావు గారు ఉన్నపళంగా తెనాలి నుంచి మోటారు సైకిల్ మీద బయల్దేరారు. ఆ రోజెందుకో మాటలు సన్నగా వినపడుతున్నాయని నేను స్పీకరు పెట్టుకున్న ఫోన్ ఇంతలో మోగింది. మా అమ్మ.

"ఒరేయ్ చిన్నోడా, నీకని గోంగూర పచ్చడి, గారెలు పట్టుకుని బయల్దేరానురా. ఎవడో తలమాసినవాడు బ్రిడ్జి బాలేదన్నాడంట, బండి ఆపేశారు! గారెలు చల్లారిపోతన్నయ్. వాడి చేతులు పడిపోను, వాడెవడో కాస్త కనుక్కోరా!"

వెనకాల పెట్టెలోని జనమంతా ఆవిడకి వంత పాడుతున్నారు. మా వంశంలో ఎవరికీ తగలని శాపనార్థాలు, సొంత తల్లి నోటి మీదుగా, స్పీకర్లో నాకు తగిలాయి.

"కనుక్కుంటానమ్మా" అని పెట్టేశాను.

కోటేశ్వరరావు గారు చెమటలు కక్కుతూ వచ్చారు. చుక్కల చీర కట్టినట్టున్న వంతెనను ఎగాదిగా చూశారు. నా చేతిలోంచి సుత్తి లాక్కుని, వేలు ఆనించి, ఒకటి తట్టారు. రెండోది తట్టారు. పాకుతూ పోయి ఇంకో పాతిక తట్టారు. నా వైపు తిరిగారు.

"ఖంగుమంటోంది కదయ్యా!"

"దబ్బుమంటోందండి."

"యోహానూ?"

యోహాను ఇద్దరాఫీసర్ల మొహాలూ మార్చి మార్చి చూసి, "తమరు కొడితే ఖంగండి, ఆయన కొడితే దబ్బండి" అన్నాడు.

కోటేశ్వరరావు గారు గట్టు మీదున్న నా స్టీలు టిఫిన్ క్యారేజీ తెచ్చి, నా చెవి పక్కనే పెట్టి, సుత్తితో ఒక్కటిచ్చారు.

"ఇదెట్టా ఉంది?"

నేను నిజాయితీపరుణ్ణి. "ఇదీ వదులేనండి" అన్నాను.

అటు జెండా పట్టుకున్నవాడు, ఇటు జెండా పట్టుకున్నవాడు, ఇద్దరూ కింద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. పెద్దాయన నా తల పట్టుకుని పక్కకి వంచి చెవిలోకి చూశారు. "ఒరి నీ! సగం సూర్యలంక ఇక్కడే ఉంది కదయ్యా!"

ఫోన్ వెళ్లింది. బండి కదిలింది. మేమంతా పక్కకి తప్పుకుని నిలబడ్డాం. మామూలుగా బండి కిటికీల్లో నిద్రమొహాలుంటాయి. ఆ రోజు ప్రతి కిటికీలోనూ ఆ తలమాసినవాణ్ణి చూడ్డానికి అయిదారు తలలు. చేతిలో కుంచె, చొక్కా నిండా తెల్ల రంగు, నేను ఎక్కడికి పారిపోను? ఒక కిటికీలో మా అమ్మ. నన్ను చూసింది, కుంచెను చూసింది, వంతెన నిండా సున్నాలు చూసింది. అంతలోనే పెట్టెలోకి తిరిగి చేతులు తిప్పుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. ఏం చెప్పిందో సాయంత్రం తెనాలిలో, డాక్టరు గారు నా చెవులు కడిగాక, అమ్మే చెప్పింది: "మావాడండీ! మనందరి ప్రాణాలు కాపాడ్డానికి ఎండలో ఎట్టా మాడిపోతన్నాడో చూడండి అన్నాను."

మర్నాడు కోటేశ్వరరావు గారి ముందు నిలబడ్డాను. స్టోరు తాళంచెవి ఇచ్చేస్తారనుకున్నాను. ఆయన మాత్రం, "గట్టిదాన్ని వదులన్నావు, నవ్వుకున్నాం. వదులుదాన్ని గట్టిదని వచ్చుంటే, ఆ బళ్లో మీ అమ్మ ఉంది" అన్నారు. తిట్టినా అంత భయం వేసేది కాదు. తరవాత ఆయనే, "వంతెన నీదే తీసుకో. ముందు ఆ సున్నాలన్నీ నువ్వే తుడువు. తుడిచేముందు వేలు పెట్టి ప్రతిదాన్నీ మళ్లీ తట్టు" అన్నారు.

తట్టాను. అన్నీ ఖంగుమన్నాయి, ఒక్కోటీ నన్ను వెక్కిరించినట్టు. తుడిచాను కూడా, కానీ పాత రంగు మీద తెల్లరంగు పోదు, పులుముకుంటుంది. మళ్లీ వంతెనకు రంగులేసే దాకా అది ఆ లైనంతటికీ చుక్కల వంతెనే. ఇప్పటికీ అమ్మ ఆ బండెక్కితే పక్కవాళ్లకి చూపిస్తుంది: "ఆ చుక్కలన్నీ మావాడు పెట్టినవేనండి." పక్కనే నేనుంటే, ఆవిడెవరో నాకు తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూస్తాను.

కాబట్టి ఆ డ్రెయిను నీళ్ల సాక్షిగా, పనసకాయంత పెద్ద మనసున్న ఆ వంతెన సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: వేలు ఆనించకుండా ఇక జన్మలో రివెట్టు తట్టను. హార్మోనియం ఊసెత్తను. వంతెన ఎక్కేముందు రోజూ నా టిఫిన్ క్యారేజీని ఒకసారి కొట్టి చూసుకుంటాను. అది ఖంగుమనలేదా, ఆ పూట నాకు సెలవు.