సిద్దప్ప బండిలో తరిగిన అంకె

కురబలకోట సిద్దప్ప గొర్రెల మంద అమ్మి కారు కొన్నాడంటే నేను నమ్మలేదు. ఒక మధ్యాహ్నం మదనపల్లెలో మా అంగడి ముందు తెల్లటి కారొకటి చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. ఎవరో ఆఫీసరు దిగుతాడనుకుంటే సిద్దప్ప దిగాడు. భుజాన అదే గొంగడి.

"కరెంటు బండి అన్నా. దీనికి మేత లేదు, నీళ్లు లేవు. రాత్రికి వైరు తగిలిస్తే సాలు" అన్నాడు.

నాకూ అదే కంపెనీ బండి ఉంది. నేను గొప్పకు కొన్నాను, అతను బతకడానికి కొన్నాడు. మోకాళ్లు అరిగి, వరసగా వానలు మొహం చాటేసి, మంద వెంట తిరగడం చేతగాక చేసిన పని అది. బాడుగలకు తిప్పుకుంటూ గౌరవంగా బతుకుదామనుకున్నాడు. బతికాడు కూడా, ఆ దిక్కుమాలిన అప్‌డేటు వచ్చేదాకా.

గొర్రెలు కాసినన్నాళ్లూ సిద్దప్ప వాటిని లెక్కపెట్టిన పాపాన పోలేదు. వాళ్లింట్లో ఆ అలవాటే లేదు. సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి ఒక్కొక్క గొర్రె లోపలికి పోతుంటే మొహం చూసేవాడు. "ఆ చెవి తెగింది రాలేదే" అని కర్ర తీసుకుని వెనక్కి పోయేవాడు. ఎన్ని ఉన్నాయని ఎవరైనా అడిగితే "ఉండాయప్పా, దేవుడు ఇచ్చినన్ని" అనేవాడు. అంకె నోటితో చెబితే మంద తరిగిపోతుందని వాళ్లమ్మ రామాంజినమ్మ నమ్మకం. ఆ నమ్మకాన్ని కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

అలాంటి మనిషికి కారు అంకెల పిచ్చి పట్టించింది. స్టీరింగు వెనక తెర మీద, ఇంకా ఎంత దూరం పోగలదో బండే చూపిస్తుంది. చార్జింగు నిండితే మూడు వందల కిలోమీటర్లు. ఇక చూడండి! టమోటా మార్కెట్టులో, టీ అంగడిలో, ఎక్కినవాళ్లకీ దిగినవాళ్లకీ అదే మాట. "మూడు నూర్లు సూపిస్తాండాది. కుప్పం పోయి మళ్లా ఇంటికి వచ్చేస్తా, నడాన యాడా నిలిపే పనే లేదు."

"నోరు మూసుకోరా. మంద లెక్క ఊరంతా సెప్పుకుంటావా?" అని రామాంజినమ్మ కసిరేది.

"ఇది మంద కాదుమా, బండి" అని నవ్వేవాడు.

కుప్పం బాడుగ అతనికి ఇచ్చింది గుల్జార్ బీ. పుంగనూరులో గాజుల అంగడి ఆమెది. కుప్పంలో ఉన్న ఒక్కగానొక్క చెల్లెలు మంచం పట్టింది. బస్సు మెట్లు ఎక్కలేని గుల్జార్ బీ, వారం వారం సిద్దప్ప బండిలో పోయి చెల్లెలిని చూసి వచ్చేది. వెనక సీట్లో కూర్చుని దారి పొడుగునా చెల్లెలి చిన్నప్పటి అల్లరి చెప్పేది. సిద్దప్ప ఊ కొట్టేవాడు. కన్నతల్లితో కూడా అతను అంతసేపు ఓపిగ్గా కూర్చోడు, అది నేను రాసిస్తాను.

అప్పుడు వచ్చింది అప్‌డేటు. రాత్రి పడుకునేటప్పుడు మామూలుగా ఉన్న బండి, తెల్లారేసరికి "మీ వాహనాన్ని మరింత మెరుగుపరిచాం" అని ముద్దుగా ఒక మెసేజీ పెట్టింది. చార్జింగు నిండుగా ఉంది. అంకె మాత్రం రెండు వందలు.

ఈ బండి ఉన్నవాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఆ రోజు అందులో పెళ్లివారి గోల. బండి ఆపి మళ్లీ ఆన్ చేయమని ఒకడు, పాత సాఫ్ట్‌వేరు తిరిగి ఇవ్వమని ఒకడు, కోర్టుకు పోదాం పదండని ఇంకొకడు. నేను కంపెనీకి ఫోన్ చేసి తిట్టాల్సినవన్నీ తిట్టాను. అవతల అమ్మాయి తేనె పూసిన గొంతుతో, ఇంతకు ముందుకన్నా ఇదే నిజమైన అంకె సార్ అంది. అయితే ఇన్నాళ్లూ అబద్ధం చెప్పిందా అని అడిగితే, మీ అభిప్రాయం మాకు విలువైనది అని పెట్టేసింది. ఒళ్లు మండిపోయింది.

సిద్దప్పకు కోపం రాలేదు. అయోమయం వచ్చింది. మా అంగడి ముందు బండి చుట్టూ తిరిగాడు, వంగి కింద చూశాడు.

"బ్యాటరీ అదే, దోవ అదే, నేనూ అదే. మరి ఆ నూరు యాడికి పాయె అన్నా?"

"యాడికీ పోలేదు సిద్దప్పా. అంకె మార్చినారు, అంతే."

"అంకె మారితే తగ్గినట్లే కదా?"

ఎంత చెప్పినా అక్కడే తిరిగాడు. ఇంటికి పోతే రామాంజినమ్మ "నేను సెప్పలా?" అని ఒక్క మాటే అన్నదట. అమ్మను నమ్మాలా, కంపెనీని నమ్మాలా, తన చేత్తో నడిపిన దారిని నమ్మాలా? పాపం, మూడింటి మధ్యా నలిగిపోయాడు.

అలా ఉండగా ఒక పొద్దున గుల్జార్ బీ ఫోన్ చేసింది. చెల్లెలు పోయింది. చెల్లెలి కూతురు నిలోఫర్ కబురు పెట్టింది. మధ్యాహ్నం నమాజు వేళకు మనిషిని మసీదుకు ఎత్తుతారు. ఆడవాళ్లు ఆ లోగా ఇంట్లోనే కడసారి మొహం చూసుకోవాలి.

"నన్ను అందియ్యప్పా. దాని మొహం సూడాల" అంది.

ముందు రాత్రి ఊళ్లో కరెంటు లేక బండి సగమే నిండింది. పాత రోజులైతే సగం చార్జింగుతో కుప్పం చేరుతుందని సిద్దప్పకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఎన్నిసార్లు పోలేదు! అయినా ఆ రోజు అతని చూపు తెర మీదే ఉంది. తొందరలో వేగంగా తోలేకొద్దీ కొత్త సాఫ్ట్‌వేరు అంకెను ఇంకా తగ్గించి బెదిరించింది. వెంకటగిరికోట చేరేసరికి, మిగిలిన దారి ఎంతో మిగిలిన అంకె కూడా ఇంచుమించు అంతే. నడిరోడ్డులో ఆగిపోతే ఆమె గతేంటి? తెలిసిన వినోద్ వెల్డింగు షాపు ముందు ఆపి వైరు తగిలించాడు.

"యాల నిలిపితివప్పా?"

"సార్జి సాలదమ్మా. రవ్వంత ఎక్కినాక పోదాం."

ఎక్కడం అంటే నత్తనడక. కిలోమీటరు పెరగడానికి యుగం పట్టినట్టుంది. గుల్జార్ బీ తస్‌బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుంది. ఆటో పిలవమంది. "ఇంగ అయిపోయె అమ్మా" అన్నాడు. మళ్లీ అడిగింది. మళ్లీ అదే అన్నాడు. అంకె ఒకటి పెరిగితే ఇంకొకటి పెరగనీ అనిపించిందట.

కుప్పంలో ఇంటి ముందు బండి ఆగేసరికి వాకిట్లో మగవాళ్లెవరూ లేరు. స్నానం చేయించిన చోట నేల ఇంకా తడిగా ఉంది. నిలోఫర్ పరుగెత్తుకొచ్చి పెద్దమ్మను పట్టుకుని ఏడ్చింది. "నీకోసమే సూసినాము. ఇప్పుడే ఎత్తినారు" అంది.

సిద్దప్ప బండిలోనే ఉండిపోయి తెర చూశాడు. వెంకటగిరికోటలో ఎక్కించుకున్నదానికి రెండింతలు అందులో మిగిలి ఉంది. ఆపకపోయినా వచ్చేసేవాళ్లు.

కుప్పంలోనే చార్జింగు పెట్టుకుని, సాయంత్రం ఆమెను తిరిగి తీసుకొచ్చాడు. పుంగనూరులో దిగేటప్పుడు గుల్జార్ బీ తలుపు పట్టుకుని "బండి నిలబడలేదు గదప్పా. నువ్వే నిలిపితివి" అంది. తిట్టినట్టు కూడా అనలేదట. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత సిద్దప్ప నలుగురిలోకి రావడం మానేశాడు. పిలిస్తే బాడుగకు పోయేవాడు, అంకె గురించి మాత్రం ఎత్తేవాడు కాదు.

కొన్ని వారాలకు కంపెనీ ఇంకో అప్‌డేటు పంపింది. వినియోగదారుల కోరిక మేరకు పాత పద్ధతినే తిరిగి తెచ్చారట. మళ్లీ మూడు వందలు! గ్రూపులో బాణాసంచా బొమ్మలు పేలాయి. నేను సంబరంగా ఫోన్ చేసి సిద్దప్పను అంగడికి పిలిచాను. వచ్చాడు. తెర మీద అంకె వెలుగుతోంది. దాన్ని వేలితో తాకాడు.

"అయితే అన్నా, ఆ పొద్దు బండిలో ఎంత ఉండినట్ల?"

అతని కళ్లల్లో నీళ్లు చూసి నాకు మొదటిసారి ఆ బండి మీద అసహ్యం వేసింది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు కుప్పం పోవాలని గుల్జార్ బీ తనే కబురు పెట్టింది. సిద్దప్ప తెల్లవారకముందే పుంగనూరులో ఆమె వాకిట్లో ఉన్నాడు. అంకెల తెర మీద గొంగడి చెంగు కప్పి ఉంది. ఆమె దాన్ని చూసింది. వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"ఈ పొద్దు నిలపవు గదా?"

"నిలపనమ్మా."

వెంకటగిరికోట దాటేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదట. వినోద్ వెల్డింగు షాపు వెనకబడ్డాక ఆమె మెల్లగా చెల్లెలి చిన్నప్పటి సంగతొకటి మొదలుపెట్టింది. సిద్దప్ప ఊ కొట్టాడు.