వెనక లైటు మీద నల్ల టేపు

రేసు ట్రాక్ మీద మొదటిసారి బండి నడపబోయేవాళ్ళు ఏమేం సిద్ధం చేసుకోవాలో నిర్వాహకులు ఒక జాబితా పంపారు. అద్దాలు విప్పెయ్యాలి. నంబరు ప్లేటు తీసెయ్యాలి. సైడు స్టాండును తీగతో బిగించి కట్టాలి. రేడియేటరులో కూలెంటు తీసేసి మామూలు నీళ్ళు పొయ్యాలి, కూలెంటు కారితే వెనక వచ్చేవాళ్ళు జారి పడతారు గనక. ముందు లైటూ వెనక లైటూ టేపుతో మూసెయ్యాలి. ఆ చివరి వాక్యం పక్కన నేను పెన్సిలుతో పెట్టుకున్న టిక్కు ఇంకా అలాగే ఉంది. కాగితం పారెయ్యలేదు.

నేను హోసూరులో బ్రేకు విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేస్తాను. రోజంతా ఇతరులు చేసిన వస్తువుల్లో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. నలభై దాటాక నాకు బండి పిచ్చి పట్టి, పెద్ద మోటారుసైకిలు కొత్తది కొన్నాను. చెన్నై వైపు ఉన్న ట్రాక్ మీద, కొత్తవాళ్ళ గుంపులో, శిక్షకుల వెనక ఒక రోజంతా బండి నడిపే అవకాశం ఉందని తెలిసి పేరు ఇచ్చేశాను. అది పోటీ కాదు. అయినా నాకు పోటీకి పోతున్నట్టే ఉండేది. షిఫ్టు నుంచి రాగానే హాల్లో దిండు మీద కూర్చుని, వంపుల్లో ఒళ్ళు ఎటు వాల్చాలో వీడియో చూస్తూ సాధన చేసేవాణ్ణి.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. "దిండు మీదనే గెలిచేసినావు కదా, ఇంక ఆడికి పోయేదెందుకు?" అని నవ్వేది.

వీడియోల్లో ఒక పాఠం నాకు బాగా పట్టుబడింది. ట్రాక్ మీద వెనక్కి తిరిగి చూడకూడదు. ముందున్నవాణ్ణి చూసుకునే బాధ్యత వెనకవాడిదే. ఈ మాట ఆఫీసులోనూ, ఇంట్లోనూ, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను.

టేపు వెయ్యడం నేర్పింది మా వీధి చివర మెకానిక్కు. వెనక లైటు మీద బ్రేకు వెలుగు బయటికి కనిపించకుండా రెండు పొరలు వేసి, కొసను చెవిలాగా మడిచి చూపించాడు. "ఇట్ల మడిచి పెట్టుకోప్పా. తీసేటప్పుడు గోరుతో గీకే పని ఉండదు, ఒక్క లాగుతో వచ్చేస్తాది." మళ్ళీ ఆ టేపు తనే పీకేసి చుట్ట నా చేతిలో పెట్టాడు. "ఇది ఆడికి పోయినాక వెయ్యాల. ఈడనే ఏసుకోని రోడ్డు మీద తిరగొద్దు. ఎనక వచ్చేవానికి నువ్వు బ్రేకు పట్టేది తెలీదు."

తెలుసన్నట్టు తలూపాను. నిజంగానే తెలుసు. బ్రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి ఎవరో చెప్పాలా? అయినా ట్రాక్ రోజుకు ఇంకా వారం ఉండగానే, ఒక శనివారం సాయంత్రం ఇంటిముందు అద్దాలు విప్పేసి, వెనక లైటుకు టేపు వేసి, ఫొటో తీసుకున్నాను. అద్దాల్లేని, నల్ల టేపు వేసిన బండి నాకు ఎంతో అందంగా కనిపించింది. ఆదివారం పొద్దున అన్న ఫోను చేసేటప్పటికి దాన్ని విప్పడానికి నాకు మనసు రాలేదు.

మా అన్న నాకంటే పదకొండేళ్ళు పెద్ద. అత్తిముగం దగ్గర మా పొలం ఆయనే చూసుకుంటాడు. అయితే ఆయనకు పేరు పొలం వల్ల రాలేదు, మామిడి అంట్లు కట్టడం వల్ల వచ్చింది. వానలు మొదలైతే కావేరిపట్టణం చుట్టుపక్కల నర్సరీలవాళ్ళు ఆయన కోసం కబురు పెడతారు. మొక్క తలను కోసి, మధ్యకు చీల్చి, మంచి జాతి కొమ్మ కొసను చీలలాగా చెక్కి, అందులో దించి, ప్లాస్టిక్ పట్టీ చుడతాడు. ఆ చెక్కడంలో ఆయన కత్తి రెండుసార్లు తగలదు. మణికట్టు ఒక్కసారి కదులుతుంది, అంతే. ఆ రెండు కోతలూ అతకకపోతే అంటు ఎండిపోతుంది.

"ట్రాకు గీకు అంటా ఉండావు. బండికి పూజ చేయించకుండా పోతావా? ఈడికి రా. అమ్మోరి గుడి కాడ నిమ్మకాయలు తొక్కించుకోని పో" అన్నాడు అన్న.

పోయాను. అన్న నా బండి చుట్టూ తిరిగి చూశాడు. "అద్దాలు యాడ?" అన్నాడు.

"ట్రాక్ మీద ఎనక్కి చూడకూడదన్నా. ఎనకోడే చూసుకోవాల."

"ఓహో! కృష్ణగిరి బస్సు డ్రైవర్లు నేర్చుకున్నారేమో ఈ పాఠం ఆడనే" అని నవ్వి, టెంకాయ, కుంకుమ, నిమ్మకాయలు ఉన్న సంచీని తన మోపెడ్‌కు తగిలించాడు. వెనక లైటు మీది టేపును ఆయన గమనించలేదు. నేనూ చూపించలేదు.

గుడి రెండు కిలోమీటర్లు ఉంటుంది. నేను ముందు, అన్న వెనక. దారిలో టీ అంగడి ముందు తెలిసిన ముఖాలు కొన్ని కనిపించాయి. అక్కడి నుంచి గుడి మలుపు కొద్ది దూరమే. వీడియోలో నేర్చుకున్నట్టు, మలుపు దాకా వేగం తగ్గించకుండా పోయి, ఆఖరున గట్టిగా బ్రేకు పట్టాలనిపించింది. అంగడి ముందువాళ్ళు చూస్తున్నారని తెలిసే పట్టాను. బండి ముందుకు వంగి ఆగింది. ఆ క్షణంలో నా వెనక చక్రానికి ఏదో తగిలింది. తిరిగి చూస్తే మోపెడ్ పక్కకు పడి ఉంది. అన్న రోడ్డు మీద బోర్లా ఉన్నాడు, కుడిచేయి ఒంటి కింద పడిపోయి ఉంది. నిమ్మకాయలు దొర్లుకుంటూ పోతున్నాయి.

ఇప్పుడు రాయబోయే మాట చాలా కాలం ఎవరికీ చెప్పలేదు. నేను ముందు అన్న దగ్గరికి పోలేదు. బండి వెనక్కి పోయి, మడిచిన కొసను పట్టుకుని లాగాను. మెకానిక్కు చెప్పినట్టే ఒక్క లాగుతో వచ్చేసింది. దాన్ని ఉండ చుట్టి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాతే అన్నను లేపాను.

అంగడి ముందు నుంచి పరుగెత్తుకొచ్చినవాళ్ళలో ఒక ముసలాయన, "ఏమప్పా, అంత పెద్ద బండి ముందర పోతా ఉంటే కనబడలేదా నీకి?" అని అన్నను అడిగాడు. అన్న నొప్పికి పళ్ళు బిగబట్టి నావైపు చూశాడు. నన్ను నేను కాపాడుకోవడానికి ఒక్క వాక్యం చాలింది.

"ఎనక వచ్చేవాళ్ళే చూసుకోవాల గదన్నా."

"అవునప్పా. నేనే చూసుకోలేదు" అన్నాడు అన్న.

కృష్ణగిరిలో ఎముకల డాక్టరు మణికట్టు విరిగిందని పట్టీ వేశాడు. ఆరు వారాలు. వానలు అప్పుడే మొదలయ్యాయి, అంటే ఆ ఏడాది అంట్ల పని చాలావరకు పోయినట్టే. ట్రాక్‌కు రానని నిర్వాహకులకు రాసేశాను. అన్న కోసం మానుకున్నాడని ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా కాదనకుండా తీసుకున్నాను. ఆదివారాలు పోయి, అన్న పెంచుతున్న మొక్కలకు నీళ్ళు పెట్టేవాణ్ణి. "తమ్ముడంటే ఇట్ల ఉండాల" అని మా వదిన నాకు ముద్దలో నెయ్యి ఎక్కువ వేసేది.

మణికట్టు అతుకుతుంది, తర్వాత అన్నీ మామూలైపోతాయి, చెప్పినా చెప్పకపోయినా ఒకటే అనుకున్నాను. ఆ లెక్క తప్పింది.

ముందర పోయే బండి ఆగింది ఎందుకు కనబడలేదని వదిన రోజూ అడిగేది. అన్నకూ అదే అనుమానం పట్టుకుంది. "నేను రోడ్డునే చూస్తా ఉండినానే. ఎర్ర లైటు ఎలిగింది కండ్లకి కనబడలేదంటే ఏమనుకోవాల?" అని తనలో తను అనుకునేవాడు. వదిన మోపెడ్ తాళంచెవి తీసి బియ్యం డబ్బాలో దాచేసింది. కృష్ణగిరి తీసుకుపోయి కళ్ళద్దాలు వేయించింది. వయసుకు తగ్గట్టు దగ్గరి చూపు కొద్దిగా తగ్గిందని, దూరపు చూపు బాగానే ఉందని అక్కడివాళ్ళు చెప్పారట. అన్నకు ఆ రెండో మాట వినిపించలేదు. పట్టీ విప్పారు. చేయి అటూ ఇటూ తిరిగింది. నర్సరీవాళ్ళు మళ్ళీ కబురు పెట్టారు. అన్న పోలేదు.

"కండ్లు నమ్మకం లేనోడు కత్తి పట్టకూడదప్పా. ఇంకొకని చెట్టు ఎండిపోతాది" అన్నాడు.

వానలు ఆఖరుకొచ్చిన ఒక ఆదివారం, మా సొంత మొక్కల దగ్గర ఇద్దరమే ఉన్నాం. నా బలవంతం మీద అన్న కత్తి తీసుకున్నాడు. కొమ్మ కొసను చెక్కాడు. చూసుకున్నాడు. మళ్ళీ చెక్కాడు. మూడోసారి చెక్కి, కొమ్మను నా ముఖం ముందుకు చాచాడు.

"చూసి చెప్పు. రెండు పక్కలా సమంగా ఉండాదా?"

చుట్టుపక్కల ఊళ్ళలో సగం మందికి ఆ పని నేర్పిన మనిషి, కత్తి ఎటు పట్టాలో తెలియని నన్ను అడుగుతున్నాడు. చెక్కింది సమంగానే ఉంది, మొదటిసారి చెక్కింది కూడా సమంగానే ఉండి ఉంటుంది. ఇంక నాకు నోరు ఆగలేదు.

"అన్నా, ఆ పొద్దు నా బండికి ఎనక లైటు లేదు."

"ఏమి?"

"నల్ల టేపు ఏసి ఉండినాను, ట్రాక్ కోసరం. బ్రేకు పట్టినా నీకు కనబడేదానికి లేదు."

అన్న చాచిన కొమ్మను దించాడు. "లేసినాక చూసినానే నీ బండిని. టేపు యాడ ఉండింది?"

"నువ్వు లేసేలోగా పీకేసినాను."

"నన్ను లేపకముందే?"

"అవునన్నా."

అన్న కత్తి మడిచి పక్కన పెట్టాడు. "నువ్వు ముందు బండి కాడికి పోయింది చూసినాను. కొత్త బండి కదా, ఏమైనా అయిందేమో చూసుకుంటా ఉండాడులే అనుకున్నా. అదే కష్టమనిపించింది నాకి. ఎవురికీ చెప్పలేదు." ఆగి, నేను ఊహించని మాట అడిగాడు. "అయితే నా కండ్లు బాగుండాయా?"

"బాగుండాయన్నా."

కళ్ళద్దాలు తీసి, పై గుడ్డతో తుడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు కోపం వచ్చింది. అరవలేదు. నావైపు చూడకుండా, "పోయి మీ వదినకి చెప్పు. టీ అంగడి కాడ ఆ ముసలాయనకి చెప్పు. నువ్వే చెప్పాల, నేను చెప్పను" అన్నాడు.

వదిన పెరట్లో చింతపండు ఒలుస్తూ ఉంది. నేను చెప్పింది మొత్తం విన్నది. చేతులు ఆగిపోయాయి. "మూణ్ణెల్లు ఆయన్ని గుడ్డోడని తిట్టినాను" అంది. "నా నోటితోనే తిట్టించినావు కదప్పా." లోపలికి పోయి, బియ్యం డబ్బాలో నుంచి తాళంచెవి తీసుకొచ్చి నా ముందు గట్టు మీద పెట్టింది. చేతికి ఇవ్వలేదు. ఆ రోజు నేను భోంచెయ్యకుండా బయల్దేరాను. ఎవరూ ఉండమనలేదు.

టీ అంగడి దగ్గర కూడా చెప్పాను. ముసలాయన టీ తాగడం ఆపకుండా విని, "అంటే ఆ పొద్దు నేను అడగాల్సింది నిన్నా?" అన్నాడు.

ఇప్పుడు మళ్ళీ వానల కాలం. అన్న నర్సరీలకు పోతున్నాడు. చేయి చలి పొద్దుల్లో కొంచెం పట్టేస్తుందట, వదిన ద్వారా తెలిసింది. నాతో మాట్లాడతాడు, అయితే పనికి కావలసినంతే. ట్రాక్‌కు మళ్ళీ పేరు ఇవ్వమని మిత్రులు అంటారు. ఇవ్వలేదు. అది త్యాగమేమీ కాదు. ఆ టేపు చుట్టను చేతిలోకి తీసుకోలేను, అంతే.

మొన్న కావేరిపట్టణంలో ఒక నర్సరీకి కొమ్మల కట్టలు చేర్చాల్సి వచ్చి, రమ్మని ఆయనే ఫోను చేశాడు. అద్దాలు బిగించిన బండి మీద పోయాను. కట్టలు సగం నా వెనక కట్టి, సగం మోపెడ్ మీద పెట్టాడు. అలవాటుగా నేను ముందుకు కదలబోయాను.

"నువ్వు ముందర పోవద్దు. నేను పోతాను. నువ్వు ఎనక రా" అన్నాడు.

దారి పొడుగునా ఆయన వెనకే పోయాను, మోపెడ్ ఎంత వేగం పోతే అంత. గుంత వచ్చినా, రాకపోయినా, మలుపు ఇంకా దూరాన ఉండగానే, అన్న బ్రేకు మీద చేయి వేసేవాడు. ఎర్ర లైటు వెలిగేది, ఆరేది, మళ్ళీ వెలిగేది. వెలిగిన ప్రతిసారీ నేను వేగం తగ్గించాను.